చిన్నక్క తీసుకోని గేదెలు

మణుగూరు మండలాఫీసు ప్రహరీ పక్కన రేకుల పంచ కింద ఒక బల్లా రెండు కుర్చీలూ వేసుకుని అర్జీలు రాసి బతికే మనిషిని నేను. పేరు రమణ. మాది నేలకొండపల్లి దగ్గర పల్లె. మా బావ బొగ్గు గనిలో పనిచేస్తుంటే నాకూ ఏదో ఒకటి దొరక్కపోదా అని ఇటొచ్చి, ఏదీ దొరక్క ఈ బల్ల దగ్గరే ఆగిపోయాను. నాకు కోపమెక్కువని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పింఛను ఆగిందని వచ్చే ముసలమ్మల్నీ, పట్టా కాగితం పోయిందని వచ్చే రైతుల్నీ కసురుతూనే రాస్తాను. నిజానికి ఆ కోపం లోపల ఫ్యాను కింద కూర్చున్నవాళ్ల మీద. వాళ్లను కసిరితే నా బల్ల ఎత్తేయిస్తారు కాబట్టి అది బయటివాళ్లకు తగులుతుంది.

పాయం చిన్నక్క నా బల్ల దగ్గరికి మొదటిసారి వచ్చింది రెండువేల ఎనిమిది వేసవిలో, అడవిలో ఇప్పపూలు రాలే రోజుల్లో. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన మొహం. చంకలో మడతపెట్టిన దుప్పటి ఉంది. ఊదారంగుది, అంచులు పీచులేచిపోయాయి. ఆ ఎండలో దుప్పటేమిటో నాకు అర్థం కాలేదు.

"దవాఖానాల ఎవరన్న ఉన్నరా?" అని అడిగాను.

"లేరు సారూ. బ్యాంకుకు తెచ్చిన."

"బ్యాంకుల దుప్పట్లు కుదువ పెట్టుకోరు."

"కుదువకు గాదు. బ్యాంకోళ్లు నాకిచ్చిన గేదెలు గివ్వే. ఒకసారి చూపిద్దామని."

మతి చలించిన మనిషేమో అనుకున్నాను. కూర్చోమన్నాను. ఆమె చెప్పింది వినడానికి ఒక పూట పట్టింది. తెలుగులో మొదలుపెట్టి, కోపమొచ్చినప్పుడల్లా కోయలోకి వెళ్లిపోయేది. మళ్లీ నేను వెనక్కి లాక్కొచ్చేవాణ్ణి. విన్నదంతా వరుసలో పెడితే సంగతి ఇది.

ఇప్పలగుంపు అడవంచున ఉన్న కోయ గూడెం. బస్సు దిగి, వాగు దాటి నడవాలి. తొంభై ఎనిమిది చలికాలంలో ఆ గూడేనికి ఒకాయన వచ్చాడు. సంచిలో కాగితాలు, చేతిలో ఇంకు డబ్బా, వెనకాల ట్రాలీలో దుప్పట్లు. సర్కారు దుప్పట్లు పంచుతోందనీ, ముట్టినట్టు వేలిముద్రలు వేస్తే చాలనీ చెప్పాడు. పేరు ఎవరూ అడగలేదు. ఈనాటికీ ఆయన్ని దుప్పట్లాయన అనే అంటారు. అందరూ గూడెం పెద్ద జంపయ్య వంక చూశారు. అక్కడి పద్ధతి అది. విత్తనం చల్లాలన్నా, కొత్త పంట తినాలన్నా ముందు పెద్ద చెయ్యి పడాలి. ఆ చెయ్యి పడ్డాక మిగతావాళ్లు వెనక్కి తగ్గితే పెద్దను నమ్మలేదని అర్థం. అంతకన్నా తలవంపు లేదు. జంపయ్య వేలు పెట్టాడు. ఆయన వెనక ఆడా మగా వరుసగా వేళ్లు పెట్టారు. చిన్నక్కా పెట్టింది. జంపయ్య ఆమె భర్తకు పెదనాన్న కూడాను, ఆమెకు మామ.

ఒక్క దుప్పటికి అన్ని కాగితాల మీద ముద్రలెందుకని ఒక్కరూ అడగలేదు. నేనైతే అడిగేవాణ్ణని గొప్పలు పోను. చలి గజగజలాడిస్తున్నప్పుడు కొత్త దుప్పటి చేతికిస్తే కాగితం ఎవడు చదువుతాడు?

మూడో ఏట బ్యాంకు పేరు చెప్పుకుని జీపు వచ్చింది. గేదెలకని అప్పు తీసుకుని ఎగ్గొట్టారట. ఒకరింట్లో మేకలు, ఒకరింట్లో బిందెలు పట్టుకుపోయారు. చిన్నక్క భర్త గోపాలు అప్పుడు చేలో దున్నుతున్నాడు. కాడి విప్పించి ఎడ్ల జతను తోలుకుపోయారు. రసీదు లేదు, పాడు లేదు. నాగలి చేలోనే పడి ఉంది. గోపాలు బ్యాంకు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఆ తర్వాత బొగ్గు లారీల దగ్గర కూలికి కుదిరాడు. ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు.

"నువ్వు ఏలు పెట్టబట్టే గిట్లయిందని ఒక్కపాలన్న అనలే సారూ. తిట్టినా బాగుండు," అంది చిన్నక్క.

నేను అర్జీ కాగితం బయటికి తీశాను. ఆ రోజు ఆమెను కసరలేదని గుర్తు.

అప్పటినుంచీ ఆమె ఎవరివో ఎడ్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఊరందరి తర్వాత విత్తుకుంటోంది. ఆలస్యంగా విత్తిన చేను ఆలస్యంగానే పండుతుంది, లేదా పండదు. ఇన్ని కష్టాల మధ్య ఆమెకు కలిసొచ్చింది ఒక్కటే, ఆడవాళ్ల పొదుపు సంఘం. దానికి ఆమె లీడరు. వారం వారం ఇప్పచెట్టు నీడన చాప పరిచి కూర్చుంటారు. అక్కడే అక్షరాలు దిద్దింది. పేరంతా రాస్తుంది, 'క్క' దగ్గర కాస్త ఆగి, ఊపిరి బిగబట్టి వత్తు కిందికి లాగుతుంది. సంఘానికి బ్యాంకు లోను వస్తే ఒకరు మేకలు కొందామనుకున్నారు, ఒకరు ఇల్లు కప్పించుకుందామనుకున్నారు. చిన్నక్క ఎడ్ల జత కోసం అడిగింది.

సరిగ్గా అప్పుడే బ్యాంకుకు కొత్త మేనేజరు వచ్చి, సంఘంలో ఒక్కొక్కరి పేరూ కంప్యూటర్లో చూడమన్నాడు. ఇప్పలగుంపు ఆడవాళ్ల పేర్లన్నీ ఎగవేతదారుల్లో తేలాయి. దుప్పట్ల కోసం వేసిన వేళ్లన్నీ పదేళ్ల తర్వాత గేదెలై లేచొచ్చాయి. లోను ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ గూడేల్లో పాలు పితకరు. పాలు దూడవి. దూడ నోటి దగ్గరిది లాక్కుంటే రేపు అది ఎద్దయి నాగలి ఎట్లా లాగుతుందన్నది వాళ్ల లెక్క. ఇప్పుడు కుర్రకారు మణుగూరు హోటళ్లలో పాల టీలు తాగుతున్నారనుకోండి. చిన్నక్క మాత్రం నేను టీ తెప్పిస్తానంటే డికాషనే అడిగేది. అలాంటి గూడెంలో ఇంటింటికీ రెండేసి పాడి గేదెలట! ఆ కాగితాలు పుట్టించినవాడికి ఎక్కడ దొంగతనం చేస్తున్నాడో కూడా తెలియదు.

ఇద్దరం కలిసి బ్యాంకుకు వెళ్లాం. మేనేజరు కోస్తా వైపు కుర్రవాడు. చెడ్డవాడని చెప్పలేను. కంప్యూటరు మా వైపు తిప్పి చూపించాడు కూడా. ఏ బ్యాంకులో ఎవరు అప్పు ఎగ్గొట్టినా ఆ రిపోర్టులో పేరు పడుతుందట. దాన్ని తయారుచేసే కంపెనీ బొంబాయిలో ఉందట.

"పాయం చిన్నక్క, భర్త గోపాలు, ఇప్పలగుంపు. రెండు పాడి గేదెలు. ఒక్క కిస్తీ కూడా కట్టలేదు," అని చదివాడు.

చిన్నక్క దుప్పటి తీసి అతని బల్ల మీద పెట్టింది. "నువ్వే చూడు సారూ. గేదెలని రాసుకున్నరు, గిదిచ్చిండ్రు."

అతనికి దుప్పటి కన్నా 'నువ్వు' ఎక్కువ గుచ్చుకుంది. చిన్నక్క కలెక్టరు వచ్చినా 'నువ్వు' అనే అంటుంది. అందులో అమర్యాద ఉండదు. దేవుణ్ణి కూడా అలాగే పిలుస్తుంది. ఇది అతనికి నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

"మేం పాలు పిండం సారూ. గేదెలు తెచ్చి నేనేం జేసుకోవాలె? మా గుంపుకు వచ్చి ఎవలనన్న అడుగు."

"మీ ఆచారాలు నాకు తెలియవమ్మా. రికార్డులో ఉన్నది చెప్తున్నాను. వేలిముద్ర నీదా, కాదా?"

పాత ఫైలు ఫీల్డాఫీసరు రామ్‌సింగ్ వెతికి తెచ్చాడు. కారేపల్లి పక్క తండా మనిషి, నెమ్మదైనవాడు. దుమ్ము దులిపి ఆ పేజీ తీసి పట్టుకున్నాడు. నా మనసులో ఒక ఎత్తు ఉంది. ముద్ర నాది కాదని ఆమె అంటే, నిపుణుల దగ్గరికి పంపమని రాస్తాను. అది వెళ్లి వచ్చేలోగా సంఘానికి లోను ఇవ్వక తప్పదు. దారిలో ఆమెకు ఇదంతా నూరిపోశాను.

చిన్నక్క వంగి చూసింది. "నాదే," అంది.

బల్ల కింద ఆమె కాలు తొక్కాను. ఆమె నావైపు తిరిగి "ఎందుకు దొక్కుతున్నవ్ సారూ?" అని పైకే అడిగింది. రామ్‌సింగ్ నవ్వు ఆపుకోవడానికి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏలు నాదే సారూ," అంది మేనేజరుతో మళ్లీ. "అప్పే నాది గాదు."

బయటికొచ్చాక ఆమెను నడిరోడ్డు మీద తిట్టిపోశాను. ఇంత అమాయకత్వం పనికిరాదన్నాను. ఇక నా గడప తొక్కొద్దన్నాను. ఆమె దుప్పటి మడతపెట్టుకుంటూ అంతా విని, "రేపెన్నింటికి రావాలె?" అంది.

ఆ వేసవంతా ఉత్తరాలు రాశాం. బ్యాంకు పెద్దాఫీసుకు రాస్తే, మీ బ్రాంచిలో అడగండన్నారు. బ్రాంచిలో అడిగితే, కంప్యూటర్లో ఉన్నది మార్చే అధికారం మాకు లేదన్నారు. బొంబాయి కంపెనీకి నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. జవాబు నిజంగానే వచ్చింది, మంచి కాగితం మీద. బ్యాంకు పంపింది మేం చూపిస్తాం, తప్పుంటే బ్యాంకునే అడగమని. పోలీస్‌స్టేషన్‌లో ఆ మోసగాడి పేరేమిటన్నారు. దుప్పట్లాయన అంటే నవ్వారు. నేనే నాలుగూళ్లు వాకబు చేస్తే, అతను చనిపోయి రెండేళ్లయిందని తేలింది. అతని మీద కోపం పెట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ప్రతి జవాబునూ ఆమెకు చదివి వినిపించాలి. వాగు దాటి, బస్సెక్కి, తునికాకు కోత మానుకుని వచ్చిన మనిషికి "ఇంకొకళ్లను అడగమన్నారు" అని చెప్పడం కన్నా బూతులు వినడం నయం. ఆమె విని, "సరే, వాళ్లకు రాద్దాం," అనేది. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. చేతనైతే ఈ పని వదిలేసేవాణ్ణి. కానీ అంతదూరం నుంచి వచ్చి చెప్పులు బయట విడిచి నా రేకుల పంచలోకి, అదేదో గుడి అన్నట్టు వచ్చే మనిషిని పొమ్మనడం నా వల్ల కాలేదు.

వానలు పడే వేళకు రుణమాఫీ వచ్చింది. రైతుల పాత అప్పులు సర్కారు కొట్టేస్తోంది. ఇప్పలగుంపు గేదెల అప్పులూ ఆ జాబితాలో ఉన్నాయని రామ్‌సింగే పరుగున నా బల్ల దగ్గరికి వచ్చి చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మాఫీ పత్రం తీసుకుని, ముట్టినట్టు వేలు పెడితే చాలు. అప్పు పోతుంది, సంఘానికి లోను వస్తుంది, చిన్నక్కకు ఎడ్లొస్తాయి.

చెప్పిన రోజున గూడెమంతా బ్యాంకుకు వచ్చింది. వరండాలో బల్ల వేసి, రామ్‌సింగ్ పేర్లు పిలుస్తున్నాడు. జంపయ్యను ముందు పంపారు. బాగా ముసలివాడయ్యాడు, కర్ర ఊతంతో నడుస్తున్నాడు. ఆయన వేలు పెట్టాడు. వెనక అందరూ వరుసగా పెట్టారు. అచ్చం పదేళ్లనాడు పెట్టినట్టే. సంఘంలో చిన్నక్క తర్వాత లీడరు ఆమె ఆడబిడ్డ వనజ. వనజ పెట్టి, వేలికున్న ఇంకు గోడకు రుద్దుకుంటూ నవ్వింది. ఆ తర్వాత చిన్నక్క పేరు పిలిచారు.

ఆమె బల్ల దగ్గరికొచ్చి కాగితం చూసింది. "ఇందుల ఏం రాసుంది?" అని అడిగింది.

"నువ్వు తీసుకున్న గేదెల అప్పు మాఫీ అయిందని," అన్నాడు రామ్‌సింగ్.

"నేను తీసుకోలే గద."

"అదంతా అయిపోయిందమ్మా. ఒక్క రూపాయి కట్టేది లేదు. ఏలెయ్యి, జల్దీ. ఎనక మంది ఉన్నరు."

"తీసుకోలేదని రాయి, ఏస్త. నాకిప్పుడు సంతకం వచ్చు, సంతకమే జేస్త."

"సంతకం నడవదు. అప్పు కాగితం మీద ఏలుంది, ఇక్కడ గూడ ఏలే ఉండాలె. తీసుకోలేదని రాస్తే మాఫీ ఎట్లయితది? తీసుకున్నోళ్లకే మాఫీ."

అతని తప్పేం లేదు. రూలు అది. చిన్నక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. పెద్ద చెయ్యి పడ్డాక ఆ గూడెంలో ఒక మనిషి వెనక్కి తగ్గడం ఎవరూ ఎరగరు. జంపయ్య తల ఎత్తి ఆమె వంక చూశాడు. కోయలో ఏదో అన్నాడు. ఆమె అదే భాషలో చిన్నగా జవాబిచ్చింది. ముసలాయన మొహం మాడిపోయింది. కర్ర పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నేను ఆమెను పక్కకు లాక్కెళ్లాను. ఇంతకుముందు కసిరినదంతా ఉత్తదే, అసలు కసరడం ఆ రోజు కసిరాను. "నీకు పిచ్చా? ఎవరికి గావాలె నీ నిజం? అప్పు పోతున్నది, ఎడ్లొస్తున్నయ్, ఇంకేం గావాలె నీకు?"

చిన్నక్క కింద కూర్చుంది. అలిసిపోయి ఉంది. ఇన్ని నెలల్లో ఆమె అలిసిపోయినట్టు కనపడటం అదే మొదలు.

"ఇప్పుడు నేను ఏలేస్తె," అంది నెమ్మదిగా, "నేను అప్పు తీసుకున్నట్టే గద సారూ. తీసుకుంటె, మా ఎడ్లను తోలుకపోయింది న్యాయమే గద. మరి మా ఆయన అన్ని దినాలు బ్యాంకు ముంగట నిలబడి, మేం తీసుకోలేదని మొత్తుకున్నది అబద్ధమైతది. చచ్చినోణ్ణి నేను అబద్ధాలకోరును జెయ్యాల్నా?"

నేను రాసే అర్జీలు ఎన్నున్నా ఈ ప్రశ్నకు పనికొచ్చేది ఒక్కటి లేదు.

"మామ కోపం జేసిండు గద, ఏమన్నవ్ ఆయన్ని?" అని అడిగాను.

"ఒకపాలి నీ ఎనక ఏలు పెట్టిన, ఇగ సాలన్న."

తర్వాతి రోజులు ఆమెకు నరకం. లోను ఇంకా ఆగే ఉంది, ఇప్పుడు ఒక్క చిన్నక్క పేరు వల్ల. సంఘంలో ఆడవాళ్లు మొదట బతిమాలారు, తర్వాత మాట్లాడటం మానేశారు. విత్తనాల వేళ దాటిపోతోంది. వనజ నా బల్ల దగ్గరికొచ్చి ఏడ్చింది.

"వొదినె మంచిదే సారూ. గాని మా అందరి నోట్ల మన్ను గొడుతున్నది. నువ్వన్న చెప్పు."

వనజ మాటా నిజమే. ఆమెకు ముగ్గురు పిల్లలు, మొగుడికి ఊపిరితిత్తుల జబ్బు. మేకలు కొంటే గట్టెక్కుదామని చూస్తోంది. ఎవరి వైపు మాట్లాడాలో నాకు తోచలేదు. అప్పు తీసుకున్నవాడు చచ్చి హాయిగా ఉన్నాడు, అప్పు ఇచ్చినవాళ్లు ఫ్యాను కింద ఉన్నారు, మధ్యలో వదినా మరదళ్లు కొట్టుకుంటున్నారు. ఆ పూట నేను ఎవరి అర్జీ రాయలేదు. బల్ల సర్దేసి ఇంటికి పోయాను.

మర్నాడు చిన్నక్కే వచ్చింది. దుప్పటి తేలేదు. కుర్చీలో కూర్చుని, "ఒక కాయితం రాయి సారూ," అంది. "పాయం చిన్నక్క అనే నేను సంఘంల నుంచి నా ఇష్టంతోటి తప్పుకుంటున్న అని."

కలం మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

"నేను లేకుంటె వాళ్లకు లోనొస్తది గద?"

"వస్తది."

"మరి రాయి."

"సంఘం పోతే నీకు ఎడ్లు రావు, చిన్నక్కా. మళ్ల లీడరువు గావు. పేరు గూడ ఎగ్గొట్టినోళ్లల్లనే ఉంటది."

"ఎర్కే సారూ."

రాశాను. అక్షరాలు వంకర పోయాయి, నా చేతిరాతను జనం మెచ్చుకుంటారు మామూలుగా. ఇంకు డబ్బా పక్కకు జరిపి కలం ఆమె చేతికిచ్చాను. ఆమె పెదవులు బిగబట్టి, ఒక్కో అక్షరం చెక్కినట్టు రాసింది. 'క్క' దగ్గర ఆగింది. ఊపిరి బిగబట్టి వత్తు కిందికి లాగింది. బ్యాంకు ఆ కాగితం తీసుకుంది. వేలు కావాలని అడగలేదు. తప్పుకునే కాగితానికి సంతకం నడుస్తుందట. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

సంఘానికి లోను వచ్చింది. వనజ మేకలు కొన్నది. చిన్నక్క ఎప్పట్లాగే ఊరందరి తర్వాత విత్తుకుంది. వారం వారం మీటింగు రోజున పొలం పని పెట్టుకునేదట, అటువైపు చూడకుండా ఉండటానికి. నా దగ్గరికి మాత్రం నెలకోసారి వచ్చేది. "మళ్ల ఒకటి రాద్దాం సారూ," అనేది. రాసేవాళ్లం. పోస్టులో వేసేవాళ్లం. అంతే.

కొత్తల పండుగకు రమ్మని చిన్నక్క కబురు పెట్టింది. కొత్త పంట దేవతకు పెట్టి, ఆ తర్వాత తినే పండుగ. నడవలేనని గొణుగుతూనే వెళ్లాను. వాగులో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి, చెప్పులు చేతబట్టుకుని దాటాను, బురదలో ఒకసారి కూలబడ్డాను కూడా. గూడెం చేరేసరికి మధ్యాహ్నమైంది. అందరూ దేవత గద్దె దగ్గర చేరారు. కొత్త తినే ముందు గూడెంలో ఎవరివైనా తప్పులుంటే తేల్చుకోవడం వాళ్ల పద్ధతి. తప్పు చేసినవాడు నలుగురిలో ఒప్పుకుని, కోడినో మేకనో తెచ్చి తప్పు కట్టాలి. అప్పటిదాకా ఎవరూ ముద్ద ముట్టరు.

జంపయ్యను కొత్త ముట్టమన్నారు. ఆయన ముట్టలేదు. కర్ర ఊతంతో లేచి తన గుడిసెకు వెళ్లాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నక్క తల వంచుకుని కూర్చుంది. వరండాలో జరిగినదానికి తనకే తప్పు వేస్తారేమోనని భయపడిందని తర్వాత చెప్పింది. ముసలాయన తిరిగొచ్చాడు. చంకలో ఒక కోడి ఉంది. కాళ్లు కట్టేసి ఉంది. నడిచొచ్చి దాన్ని చిన్నక్క ముందు పెట్టాడు. పెద్ద తప్పు కట్టడం గూడెంలో ఎవరూ చూడలేదట. నాకోసమే కావచ్చు, తెలుగులో మాట్లాడాడు.

"ముందుగాల ఏలు పెట్టింది నేను. నన్ను జూసి నువ్వు పెట్టినవ్. గోపాలు ఎడ్లు పోయింది నా ఏలు తోటి. మొన్న బ్యాంకుల గూడ అదే ఏలు పెట్టిన, సిగ్గు లేకుంట." ఆయన కర్రను నేలకు ఆనించి నిలదొక్కుకున్నాడు. "నువ్వు అప్పు తీసుకోలె బిడ్డా. మా గోపాలు అబద్ధమాడలె. గుంపంత ఇనాలె ఈ మాట. వచ్చే ఏడు మొదటి సాలు నీ చేన్ల దున్నుతం, నా ఎడ్లతోని. నా చేను ఎనక."

మొదటి సాలు ఎప్పుడూ పెద్ద చేలోనే. తాతల నాటి నుంచీ అంతే. ముందుగా వనజ ఏడ్చింది. వచ్చి వదిన పక్కన కూర్చుని భుజానికి తల ఆనించింది.

చిన్నక్క కోడిని ఒళ్లో పెట్టుకుంది. కాళ్లకున్న తాడు మెల్లగా విప్పింది. ఇన్నాళ్లూ నేను ఎన్ని కాగితాలు రాసినా, ఎన్ని జవాబులు చదివి వినిపించినా దొరకని మాట ఆ ముసలాయన కోడితో పాటు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె మొహంలో సంతోషం ఏమీ లేదు. మోసి మోసి బరువు దించుకున్న మనిషికి ఉండే నీరసం ఉంది. చాలాసేపు ఆ కోడి వీపు నిమురుతూ కూర్చుంది.

ఇంక ఈ గొడవ వదిలేస్తుందని అనుకున్నాను. ఆ తర్వాతి వారమే నా రేకుల పంచ ముందు చెప్పులు విడిచింది.

"మళ్ల ఒకటి రాయి సారూ, బ్యాంకుకు."

"ఇంకేం రాస్తం చిన్నక్కా? అన్నీ రాసినం గద."

"మామ తన తప్పుకు కోడి తెచ్చిండని రాయి. బ్యాంకోళ్లు వాళ్ల తప్పుకు కోడి ఎప్పుడు తెస్తరో అడుగు."

నవ్వబోయి ఆగాను. ఆమె నవ్వడం లేదు. తెల్ల కాగితం తీసి, పైన తేదీ వేసి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. కింద ఆమె సంతకం చేసింది. ఆ అర్జీకి జవాబు ఇంకా రాలేదు.